మిరప లెక్కల మధ్య ఒక ఇల్లు

నా పేజీలు తిప్పితే ఇప్పటికీ తుమ్ము వస్తుంది. తేజ మిరప ఘాటు అది. గుంటూరు పట్నం బజారులో కొని, నాలుగు మూలలా పసుపు రాసి, పెద్దాయన నన్ను ప్రత్తిపాడు దగ్గరి తన ఊరికి తీసుకొచ్చాడు. ఖాతా పుస్తకాన్ని నేను. మిర్చి యార్డు నుంచి వచ్చిన ప్రతి తక్‌పట్టీనీ నాలో ఎక్కించేవాడు. పైన క్వింటా రేటు, దాని కింద కమీషన్, హమాలీ, కాటా, కోల్డ్ స్టోరేజీ అద్దె, లారీ కిరాయి. అన్నీ పోగా మిగిలిన అంకె కింద రెండు గీతలు. ఊళ్లో ఎవరైనా ఏం రేటు పలికిందని అడిగితే ఆయన ఆ గీతల మీదున్న అంకే చెప్పేవాడు.

2025 దసరా వెళ్లాక అబ్బాయి అమెరికా నుంచి ఫోన్ చేశాడు. డాలస్‌కు ఉత్తరాన కొత్త ఇల్లు, ఇంకా కడుతున్నారు, నాలుగున్నర లక్షల డాలర్లు. ఇరవై శాతం, అంటే 90 వేలు ముందు కట్టాలి. తన దగ్గర 70 వేలున్నాయి. ఇంట్లోకి సామాను కూడా కొనాలి కదా, ముప్పై లక్షలు సర్దగలవా నాన్నా అన్నాడు. పెద్దాయన ‘30,00,000’ అని రాసి పడుకున్నాడు.

మర్నాడు బ్యాంకు నుంచి వచ్చి ఆ అంకె పక్కన ఇంకో నాలుగు లక్షలు వేశాడు. ఒక ఆర్థిక సంవత్సరంలో విదేశాలకు పంపేది 10 లక్షలు దాటితే, దాటిన దాని మీద 20 శాతం టీసీఎస్ అని పన్ను ముందే పట్టుకుంటారు. రిటర్ను వేస్తే వెనక్కొస్తుంది. కానీ సేద్యం ఆదాయానికి పన్ను లేదు గనక ఆయన ఏనాడూ రిటర్ను వేసినవాడు కాదు. పైగా చేలో మందులకూ కూలీలకూ డబ్బు కావాల్సిన రోజులు. అప్పుడు అమ్మ అంది: “నా పసుపు కుంకుమ పొలం కౌలు డబ్బులు నా ఖాతాలోనే ఉన్నాయిగా, పది నేను పంపుతా.” ఆమె పాన్ వేరు, ఆమెకు పది లక్షల హద్దూ వేరే. నాలుగు రెండయింది.

ఆ రాత్రి అబ్బాయి లోన్ ఎస్టిమేట్ చదువుతుంటే పెద్దాయన రాసుకున్నాడు. అప్పిచ్చేవాళ్ల ఫీజు, అప్రైజల్, టైటిల్ ఇన్సూరెన్స్, ఇన్‌స్పెక్షన్, ఏడాది ఇంటి ఇన్సూరెన్స్ ముందుగానే. అక్కడ వడగళ్లకు పైకప్పులు పోతాయట. మొత్తం 13 వేల డాలర్లు తేలింది. సామానుకు అనుకున్నదంతా అక్కడికే సరిపోయింది.

“మరి స్టాంపులూ రిజిస్ట్రేషనూ?” మనకు స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, ఫీజు 1, కలిపి ఏడున్నర శాతం.

“టెక్సాస్‌లో ఆ డ్యూటీ లేదు నాన్నా. ఏటేటా కట్టే ఇంటి పన్నే ఎక్కువ. మా దగ్గర రెండు శాతం దాకా ఉంటది.”

కాగితంలో ఆ పన్ను నెలకు 150 డాలర్లని ఉంది. పెన్ను మొన నా మీద ఆగిపోయింది. ఆ చుక్క వెనక పేజీలోకి కూడా దిగింది.

“అదేందిరా? రెండు శాతమైతే ఏడాదికి తొమ్మిది వేలు, నెలకు ఏడొందల యాభై. ఇది ఖాళీ స్థలానికి వేసిందా, ఇంటికి వేసిందా?”

అబ్బాయి కాసేపు మాట్లాడలేదు. మర్నాడు కనుక్కుని చెప్పాడు. జనవరి 1న అక్కడ ఏముందో దాన్ని బట్టే ఆ ఏడాది పన్ను. 2025 జనవరిలో ఉన్నది ఉత్త మట్టి. 2026 జనవరికి ఇల్లుంటుంది. పన్ను కట్టడానికి అప్పిచ్చేవాళ్లు నెలనెలా కిస్తీతో పాటు తీసి ఉంచే ఎస్క్రోలో తక్కువ పడిందంతా తర్వాత కిస్తీలో కలిపి వసూలు చేస్తారు. కొత్త ఇళ్లు కొన్న మన పిల్లలు రెండో ఏడు ఉలిక్కిపడేది ఇక్కడే. అబ్బాయి మొదటి నెల నుంచే 750 చొప్పున పక్కన పెడతానన్నాడు. ఫ్రిజ్, బట్టల మెషిన్ తప్ప తక్కిన సామాను మరుసటేడుకి వాయిదా వేశాడు.

అప్పిచ్చేవాళ్లు గిఫ్ట్ లెటర్ అడిగారు. ఈ డబ్బు తిరిగి ఇవ్వనక్కర్లేదని పెద్దాయనా అమ్మా సంతకాలు పెట్టాలి. నాలో ఎవరికి ఎంత ఇచ్చినా, వచ్చిన తేదీ రాయడానికి ఎదురుగా చోటు వదిలేవాడు. ఈ ముప్పైకి ఎదురుగా అడ్డంగా ఒక గీత గీసి, చాలాసేపు నా మీద చెయ్యి ఉంచి కూర్చున్నాడు.

తర్వాత రెండు లక్షల పక్కన ‘రిటర్ను, 2026 జూలై’ అని రాశాడు. దాని కింద ‘2027 జనవరి 31 లోపు, అబ్బాయి ఇంటి పన్ను’. అది ఎస్క్రోలోంచే పోతుందని అబ్బాయి చెప్పే ఉన్నాడు. అయినా రాసుకున్నాడు, ఆ ఏటి మొదటి కోత కూలి లెక్కకు వదిలిన పేజీలోనే.