శాంటా గారి చదివింపులు

మెయిలొచ్చేసింది. మీకూ వచ్చే ఉంటుంది. ఆఫీసులో చీటీలు తీసి ఒకరికొకరం కానుకలిచ్చుకునే సీక్రెట్ శాంటా ఈసారి పర్యావరణహితమట, సింపులట. అంటే ప్లాస్టిక్ బొమ్మ బదులు వెదురు టూత్‌బ్రష్షు. దాన్ని ఓ రంగు కాగితంలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, ఆ పెట్టెను ఇంకో పెట్టెలో పెట్టి బైకు మీద గచ్చిబౌలికి తెప్పించుకోవాలి. నిరాడంబరంగా ఉండటానికి ఇంత సామాను కావాలని నాకు తెలీదు.

ఖరీదు 500 దాటకూడదు, మరీ తగ్గనూ కూడదు. చేరడం స్వచ్ఛందమే. చేరనివాళ్ళ పేర్లు మాత్రం ఎక్సెల్ షీటులో ఎర్రగా మెరుస్తుంటాయి.

నా ఒళ్ళు మండేది ఆ లింకుల దగ్గర. ఎవరికేం కావాలో వాళ్ళే లింకు పెట్టాలట. నేను పెట్టిన లింకు ఎవరో నొక్కుతారు, ఇంకెవరో పెట్టిన లింకు నేను నొక్కుతాను. నాక్కావలసింది నేనే నొక్కుకుంటే? అది షాపింగట. పక్కవాడు నొక్కితే పండగట.

పోయినేడు మా టీములో ఇద్దరు చీటీల్లో ఒకరికొకరు పడ్డారు. ఇద్దరి లింకూ ఒకటే స్టీలు సీసా. రెండు సీసాలొచ్చాయి. బల్ల మీద ఇటుది అటు, అటుది ఇటు జరిగాయి. చప్పట్లు, ఫొటో. "ఎలా కనిపెట్టావురా!" అని ఒకడు ఆశ్చర్యపోయాడు కూడా. ఆ నటనకి నంది అవార్డివ్వచ్చు.

పెళ్ళిలో చదివింపుల పుస్తకం పట్టుకు కూర్చున్న బాబాయిని చూసి నవ్విన తరం మనది. ఆయన రాసుకున్న నూటపదహార్లు కనీసం ఆడపిల్ల తండ్రికి వంటవాళ్ళ బాకీ తీర్చడానికి పనికొచ్చేవి. ఇక్కడ బాబాయి లేడు, ఎక్సెల్ ఉంది. బాకీ ఎవరికీ లేదు, వసూలు మాత్రం ఉంది.

జోయెల్ వాల్డ్‌ఫోగెల్ అనే అమెరికా ఆర్థికవేత్త 1993లోనే విద్యార్థులను అడిగి లెక్క తేల్చాడు: క్రిస్మస్ కానుక విలువలో పదోవంతు నుంచి మూడోవంతు దాకా పుచ్చుకున్నవాళ్ళ దృష్టిలో దండగే. మనవాళ్ళు లింకులతో ఆ దండగకు మందు కనిపెట్టారు. దండగతోపాటు కానుకా పోయింది.

దీనికి తోడు పైఅధికారికి 'సర్‌ప్రైజ్' పేరిట విడిగా చందా. సరిగ్గా ఈ రోగానికే న్యూయార్కులో 1912లో ఎలినార్ బెల్మాంట్, ఆన్ మోర్గన్ అనే ఇద్దరు మహిళలు కలిసి పనికిరాని కానుకల నివారణకు ఏకంగా సంఘమే పెట్టారు. పైవాళ్ళ కానుకలకి చందాలిచ్చి ఇచ్చి విసిగిపోయిన ఉద్యోగాలు చేసే అమ్మాయిలు అందులో చేరారు. అమెరికా మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్టూ చేరాడు. నూరేళ్ళు దాటింది. మనం ఇప్పుడా చందా యూపీఐలో కడుతున్నాం.

డిసెంబరు ఎండలో ఉన్ని స్వెటర్ల పోటీ గురించి నన్నడక్కండి.

ఇంతకీ పండగెవరిది? మా అంతస్తు ఊడ్చే అక్కది. ఇంటి మీద నక్షత్రం కట్టేది ఆవిడ, అరిసెలు వండి ఇరుగుపొరుగుకి పంచేది ఆవిడ, 24 రాత్రి పిల్లలకి కొత్తబట్టలు తొడిగి ఆరాధనకి వెళ్ళాల్సింది ఆవిడ. కాంట్రాక్టు మనిషి కాబట్టి శాంటా షీటులో ఆవిడ పేరు లేదు. 24 రాత్రి షిఫ్టు షీటులో ఉంది. మనం చింపి పారేసిన రంగుకాగితాలు ఎవరో ఒకరు ఎత్తాలి కదా! సెలవడిగితే సూపర్‌వైజరు "పండగ సీజన్ కదమ్మా, కుదరదు" అన్నాడు. ఎవరి పండగ? ఎవరికి చెబుతున్నాడు ఆ మాట? ఇది వింటూ మనం క్రిస్మస్ చెట్టు ముందు సెల్ఫీలు దిగుతున్నాం. సిగ్గులేని జన్మలు.

బాలయేసు కోసం బేత్లెహేముకు జ్ఞానులు బంగారం, సాంబ్రాణి, బోళం మోసుకెళ్ళారు. ఇచ్చేసి, వేరే దారిన వెళ్ళిపోయారు. లింకడగలేదు, రిటర్న్ గిఫ్టుకి ఆగలేదు.

హెచ్చార్ వారికి నా లింకు ఇదిగో: 24 రాత్రి ఆవిడకి సెలవు. జీతం కోయకుండా.