నాలుగడుగుల సముద్రం

శామీర్‌పేటలో వీకెండ్‌కు అద్దెకిచ్చే ఫామ్‌హౌస్ కొలను లోతు నాలుగడుగులు. మేడ్చల్ కుర్రాడు వీపున సిలిండర్ కట్టుకుని అందులో దిగితే మోకాళ్ల మీద కూర్చుంటే గానీ తల మునగలేదు. అయినా సాయంత్రానికి వాట్సాప్ స్టేటస్‌లో 'స్కూబా డైవర్' అయిపోయాడు. సర్టిఫికెట్ ఏదయ్యా అంటే ఫొటో చూపిస్తున్నాడు.

నాయనా, అది ఒక్కపూట రుచి చూడటం. ప్యాడి సంస్థ ఓపెన్ వాటర్ కార్డు కావాలంటే ఆగకుండా 200 మీటర్లు ఈదాలి, ఫిన్స్ తొడిగితే 300. పది నిమిషాలు నీటిపై తేలాలి. కొలనులో సాధనయ్యాక బయటి నీళ్లలో నాలుగు డైవ్‌లు. ఇంత చేసినా హద్దు 18 మీటర్లే. బయటి నీళ్లంటే మన శామీర్‌పేట చెరువుందిగా అంటారా? అక్కడ చేప స్పష్టంగా కనబడేది వేపుడు బండి దగ్గరే.

వంకాయను పుచ్చుందేమోనని తిప్పి తిప్పి చూసే మనవాళ్లు, ఊపిరి అప్పగించే గురువు దగ్గర మాత్రం డిస్కౌంటే చూస్తారు.

"అన్నా, ఒక్క ఇన్‌స్ట్రక్టర్‌కు ఎనిమిది మందే కదా?"

"ఎంతమందొస్తే అంతమందిని దింపుతం."

"ఆస్తమా ఉందా, గుండె జబ్బుందా అని ఫారం నింపాలటగా?"

"అవన్నీ ఎందుకన్నా, మనోళ్లే!"

పైగా ప్యాకేజీ: రెండ్రోజులు రుషికొండలో డైవ్‌లు, చివరి డైవ్ పొద్దున, మధ్యాహ్నం విమానం, రాత్రికి మేడ్చల్‌లో బిర్యానీ. వరుస డైవ్‌ల తర్వాత కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదని చెప్పే పాఠం రోజున, గురువుగారు క్లాసుకు డుమ్మా కొట్టినట్టున్నారు!