చదరంగ చరిత్రలో పేరు నిలవాలంటే: కెనడా ఆటగాళ్లకు కొన్ని సూచనలు

చదరంగంలో పేరు రావాలంటే బాగా ఆడాలని మీకెవరైనా చెప్పి ఉంటే, ఆ మనిషి మీ మేలు కోరేవాడు కాదు. బాగా ఆడితే ఏం దక్కుతుందో టొరంటో ఆటగాడు జాన్ స్టూవర్ట్ మోరిసన్‌ను చూసి తెలుసుకోండి. 1889లో పుట్టి 1975లో పోయాడు. 1910, 1913, 1922, 1924, 1926లో, అంటే అయిదుసార్లు, కెనడా చాంపియన్ అయ్యాడు. ఆ కాలపు రెండు పెద్ద టోర్నమెంట్లలో లోకంలోని మేటి ఆటగాళ్ల ఎదుట కూర్చున్నాడు. ఇంతా చేసి, నలుగురూ నవ్వుతూ చెప్పుకోవడానికి ఒక్క పిట్టకథ మిగల్చలేదు. అందుకే ఆయన పేరు మీరు ఇప్పుడే మొదటిసారి వింటున్నారు. మీకా గతి పట్టకూడదనే ఈ నాలుగు మాటలు.

ముందుగా, సరైన మనిషి చేతిలో ఓడిపోవడం నేర్చుకోండి. 1918 అక్టోబరు 23న న్యూయార్క్‌లో ఏడుగురితో ఒక టోర్నమెంటు మొదలైంది. ప్రపంచయుద్ధం చివరి వారాల్లో ఉంది. ఊళ్లో ఇన్‌ఫ్లుయెంజా జనాన్ని ఊడ్చేస్తోంది. అయినా వీళ్లు జానెడు దూరంలో ఎదురెదురుగా గంటల తరబడి కూర్చున్నారు. (చదరంగం ఆరోగ్యానికి మంచిదనేవాళ్లు ఈ సంగతి ఎత్తరు.) మొదటి రోజే క్యూబా మేధావి కాపబ్లాంకాతో అమెరికా చాంపియన్ ఫ్రాంక్ మార్షల్ తలపడ్డాడు. ఇద్దరికీ పాత లెక్క ఒకటి ఉంది. 1909 పోటీలో కాపబ్లాంకా 8 ఆటలు గెలిచాడు, మార్షల్ ఒక్కటే. మిగిలిన 14 డ్రా.

ఈసారి మార్షల్ ఎనిమిదో ఎత్తుకు మంత్రి ముందున్న బంటును రెండు గళ్లు తోశాడు. నడిమి బంటొకటి వదులుకుని తెల్లరాజు మీదికి విరుచుకుపడే పథకం అది. ఇంట్లో కూర్చుని వండి తెచ్చిన వంటకమని కాపబ్లాంకాకు వాసన తగిలింది. అయినా తినకుండా లేవడం పరువుతక్కువ అనుకుని బంటును కొట్టేశాడు. చుట్టూ మంటలు లేచాయి. ఆయన ఒక్కో మంటా ఆర్పుకుంటూ వెళ్లి 36 ఎత్తుల్లో ఆట గెలిచేశాడు.

ఇప్పుడు గమనించండి. గెలిచినవాడి పేరు ఆ ఎత్తుకు పెట్టలేదు. నూరేళ్లు దాటినా ప్రపంచ చాంపియన్లు దాన్ని ‘మార్షల్ దాడి’ అనే పిలుస్తున్నారు. తెల్లపావులతో ఆడేవాళ్లు దాన్ని తప్పించుకోవడానికి వేరే దారులు కంఠస్థం చేస్తున్నారు. పైగా ఒక కథ పుట్టింది: 1909లో తిన్న దెబ్బకు బదులుగా మార్షల్ ఆ ఎత్తును తొమ్మిదేళ్లు గుండెల్లో దాచుకుని, ఆ సాయంత్రం కోసమే కాచుక్కూర్చున్నాడట. ఈ కథకు గట్టి ఆధారం లేదని చరిత్రకారులు మొత్తుకుంటూనే ఉన్నారు. ఎవరు వింటారు? తొమ్మిదేళ్ల పగ అంటే మనకు సినిమా చూసినంత తృప్తి.

ఆ ఏడుగురిలో మోరిసన్ కూడా ఉన్నాడు. ఫలితాల పట్టికలో ఆయన పేరు కావాలంటే కింది నుంచి వెతకండి, త్వరగా దొరుకుతుంది. ఓడిపోవడంలో మార్షల్‌కు ఆయనేమీ తీసిపోలేదు. దాడికి తన పేరు పెట్టించుకోవడం ఒక్కటే మరిచాడు.

ఈ విద్య కెనడాలో ఎవరికీ రాదనుకునేరు. విన్నిపెగ్‌లో స్థిరపడ్డ ఐస్‌లాండు మనిషి మాగ్నస్ స్మిత్ 1899, 1904, 1906లో దేశ చాంపియన్. ఆయన పేరు నిలబెట్టింది ఆ మూడు గెలుపులు కావు, సిసిలియన్ ఆరంభంలోని చిన్న ఉచ్చు. నల్లపావులవాడు ఆశపడి ఒక బంటును కొడితే, శకటు దూకి రాజుకు షా చెబుతుంది, మంత్రి ఎగిరిపోతుంది. ఇప్పటికీ పిల్లలు ఆ ఉచ్చులో పడి ఏడుస్తూ స్మిత్ పేరు నేర్చుకుంటారు. కాబట్టి రెండో సూచన: దేశాన్ని గెలవడం మానేసి పిల్లల్ని ఏడిపించండి.

మూడోది, మీ కథ మీరే రాసుకోండి. 1912లో జర్మనీలోని బ్రెస్లావ్‌లో మార్షల్ తన మంత్రిని మూడువైపులా శత్రువుల నోటికందేలా పెట్టి ప్రత్యర్థి లెవిట్‌స్కీని ఓడించాడు. చూస్తున్నవాళ్లు ఆనందం పట్టలేక బల్ల మీద బంగారు నాణేలు కుమ్మరించారని ఆయనే రాసుకున్నాడు. చిల్లర పైసా కూడా రాలలేదని ఆయన భార్యే అన్నట్టు చెబుతారు. చరిత్ర భర్త పక్షం వహించింది. నాణేల మాట ఎలా ఉన్నా, ఆ ఎత్తు మాత్రం నిజంగా బంగారమే.

రాయడం చేతకాకపోతే జంతుప్రదర్శనశాలకు వెళ్లండి. 1924 న్యూయార్క్ టోర్నమెంటులో విరామం దొరికితే టార్టకోవర్ అనే ఆటగాడు బ్రాంక్స్ జూకు పోయి సూజన్ అనే ఒరాంగుటాన్‌ను సలహా అడిగాడు. మర్నాడు ప్రత్యర్థి మరోట్సీ మీద అరుదైన ఎత్తు ఆడి, ఇది సూజన్ చెప్పిందన్నాడు. ఆట గెలవలేదు. ఆ ఆరంభానికి మాత్రం ఒరాంగుటాన్ అనే పేరు ఖాయమైంది. అదే టోర్నమెంటును గెలిచిన యాభై అయిదేళ్ల మాజీ ప్రపంచ చాంపియన్ లాస్కర్ కంటే ఆ కోతికథే నలుగురికీ తెలుసు.

ఇక 1922 లండన్. పదహారు మంది. కాపబ్లాంకా ఒక్క ఆట ఓడకుండా 15కు 13 పాయింట్లు తెచ్చుకున్నాడు. అక్కడి కథ ఏమిటంటారా? ఒక పెద్దమనిషి కాపబ్లాంకానూ, అలెఖైన్‌నూ వినోద ప్రదర్శనకు తీసుకెళ్లాడట. కాపబ్లాంకా వేదిక మీది నాట్యకత్తెల నుంచి చూపు తిప్పలేదట. అలెఖైన్ జేబు చదరంగం నుంచి తల ఎత్తలేదట. అయిదేళ్ల తర్వాత ప్రపంచ కిరీటం ఎవరు గెలిచారో చెబుతూ ఈ కథ ముగిస్తారు, గెలిచింది అలెఖైన్ కాబట్టి. కాపబ్లాంకా గెలిచి ఉంటే, మనసుకు విశ్రాంతి ఎంత అవసరమో చెప్పే నీతికథగా ఇదే వినిపించేవారు.

మోరిసన్ అక్కడా ఉన్నాడు, పెళ్లి ఫొటోలో చివరి వరసలో నిలబడ్డ దూరపు బంధువులా. నాలుగున్నర పాయింట్లు, పట్టికలో ఆఖరి ముగ్గురిలో చోటు. ఆ సాయంత్రం ఆయన్ను ప్రదర్శనకు ఎవరూ పిలిచినట్టు లేరు.

ఇదంతా మోరిసన్ జాతకం అనుకుంటే పొరపాటు. బ్రిటిష్ రాజకీయాల్లో చదరంగం పిచ్చికి పేరుపడ్డ బోనర్ లా పుట్టింది కెనడాలోనే, న్యూ బ్రన్స్‌విక్‌లో. లండన్ టోర్నమెంటు ముగిసిన రెండు నెలలకు ఏకంగా బ్రిటన్ ప్రధానమంత్రి అయ్యాడు. ఏడు నెలల్లో జబ్బుపడి దిగిపోయాడు, ఆ ఏడే పోయాడు. వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో ఆయన్ను సాగనంపుతూ, అనామక సైనికుడి పక్కన అనామక ప్రధానిని పడుకోబెడుతున్నామని మాజీ ప్రధాని ఆస్క్విత్ అన్నాడట. కెనడాలో పుట్టి, చదరంగాన్ని ప్రేమించి, సామ్రాజ్యాన్ని ఏలితే దక్కిన బిరుదు అది.

ఇవేవీ కుదరకపోతే ఆఖరి ఉపాయం: ఆట మీరు ఆడకండి, ఊరిని అద్దెకివ్వండి. 1894లో స్టైనిట్జ్ నుంచి లాస్కర్ ప్రపంచ కిరీటం అందుకున్నది మాంట్రియల్‌లో. న్యూయార్క్‌లో మొదలై ఫిలడెల్ఫియా మీదుగా సాగిన పోటీ అక్కడ ముగిసింది. 2024 ఏప్రిల్‌లో ప్రపంచ కిరీటానికి సవాలుదారును ఎంచే క్యాండిడేట్స్ టోర్నమెంటు మోరిసన్ ఊరు టొరంటోలోనే, క్వీన్ స్ట్రీట్‌లోని గ్రేట్ హాల్‌లో జరిగింది. కాపబ్లాంకాకు ఎదురుపడని గండం ఒకటి ఈ తరానికి ముందే ఎదురైంది: కెనడా వీసా. సమయం ముంచుకొస్తున్నా ఆటగాళ్లకు వీసాలు రాక, దేశ చెస్ సమాఖ్య బహిరంగంగా మొరపెట్టుకోవాల్సి వచ్చింది. ఎలాగో అందరూ చేరారు. చెన్నైలోని తెలుగు ఇంటి కుర్రాడు గుకేశ్ 17 ఏళ్లకే గెలిచి చరిత్రకెక్కాడు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి మహిళల విభాగంలో రెండో స్థానాన్ని మరో ఇద్దరితో పంచుకుంది. ఆ రోజుల్లో మన తెలుగు ఇళ్లలో టొరంటో పేరు మారుమోగింది, మోరిసన్ పేరు ఎవరూ తలవలేదు.

ఒక్క మాట వెటకారం పక్కనపెట్టి చెబుతాను. 1939లో బ్యూనస్ ఐరిస్ ఒలింపియాడ్‌కు వెళ్లిన కెనడా జట్టులో 14 ఏళ్ల విన్నిపెగ్ పిల్లవాడు యానోఫ్‌స్కీ ఉన్నాడు. అలెఖైన్ అంతటివాడు ఆ పిల్లవాడి ఆటను మెచ్చాడు. 1946లో గ్రోనింగెన్‌లో అతడు కాబోయే ప్రపంచ చాంపియన్ బోత్విన్నిక్‌నే ఓడించాడు. ఆ జట్టులోనే యాభైకి చేరువైన మోరిసన్ కూడా ఉన్నాడు, ఎప్పటిలాగే కథేమీ లేకుండా. 1922 లండన్ టోర్నమెంటు పుస్తకంలో ఆటలకు వ్యాఖ్యలు రాసింది మరోట్సీ. ఒరాంగుటాన్ ఎత్తును ఎదుర్కొన్న ఆ మరోట్సీయే. ఆ పుస్తకం చేతికొస్తే కాపబ్లాంకా ఆటలు తర్వాత చూడొచ్చు. ముందు మోరిసన్ ఆడిన 15 ఆటలూ పావులు పేర్చుకుని ఆడి చూడండి.