తాడు ఇవతలి కొస

నా పేరు నిస్తార్. గట్టెక్కించడం అని అర్థం. సోవియట్ దేశంలో పుట్టాను. 1969లో భారత నౌకాదళం నన్ను కొనుక్కుంది, 1971లో కొలువులో చేర్చుకుంది. మన దేశపు మొదటి జలాంతర్గామి కల్వరి నౌకాదళంలో చేరింది 1967 డిసెంబరు 8న. మనుషుల్ని నీళ్ల అడుగుకు పంపడం మొదలుపెట్టాక, వాళ్ల కోసం పైన కాచుకుని ఉండే ఓడ ఒకటి కావాలి కదా. యుద్ధనౌకల పక్కన చిన్నదాన్నే అయినా ఆ కాపలా నాది.

నా డెక్కు మీద పనిచేసిన కుర్రాళ్లలో ఒకడిది పుల్లలచెరువు. నల్లమల అంచున ఉన్న ఊరు. పేరులో చెరువు ఉన్నా ఆ మెట్ట సీమలో నీళ్ల కోసం లోతుకు తవ్వాల్సిందే. వాళ్ల నాన్న బావుల్లో పూడిక తీసేవాడట. మొదటిరోజు డైవర్ నడుముకు కట్టే తాడు చూడగానే వాడి మొహం విప్పారింది.

"ఇది మా పనేనన్నా! మేం బావిలోకి ముందు లాంతరు దించుతాం. అది ఆరిపోయిందంటే కింద గాలి చెడిపోయినట్టు. మనిషిని దించం."

"ఇక్కడ గాలి కూడా మనమే పంపాలి తమ్ముడూ" అన్నాడు డైవర్, గొట్టం చూపిస్తూ.

తాడు ఒక్కసారి లాగితే "బాగున్నావా?" అని. కింది నుంచి ఒక్క లాగు తిరిగొస్తే "బాగున్నా" అని. వాడికి ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. తాడును బిగించి పట్టేవాడు కాదు, వదిలేసేవాడూ కాదు. చంటిపిల్ల ఉయ్యాల తాడులా చేతిలో ఆడనిచ్చేవాడు.

నా దగ్గరున్న అసలు సరంజామా గంట. చెంబును బోర్లించి నీళ్లలో ముంచితే లోపల గాలి నిలుస్తుంది కదా, దాని సూత్రమూ అదే. మునిగిన జలాంతర్గామి తలుపు మీద దాన్ని కూర్చోబెట్టి, నీళ్లు తోడేసి, తలుపు తెరిస్తే లోపలివాళ్లు పొడి బట్టలతోనే పైకి రావచ్చు. డైవర్లది వేరే చిక్కు. లోతున ఒత్తిడికి గాలి రక్తంలో కరిగిపోతుంది. గభాలున పైకి వస్తే, గోలీ కొట్టిన సోడాలా ఒంట్లో బుడగలు లేస్తాయి. ప్రాణం పోవచ్చు. అందుకే ఆగి ఆగి పైకి తేవాలి. ఎంత తొందరలోనైనా సరే.

1971 డిసెంబరు 3 గడిచి 4 వచ్చిన అర్ధరాత్రి, విశాఖ రేవు బయట సముద్రంలో పెద్ద పేలుడు. ఒడ్డున ఇళ్ల కిటికీ అద్దాలు గలగలమన్నాయి. తెల్లారాక జాలరులకు నీళ్ల మీద తేలుతూ లైఫ్ జాకెట్ దొరికింది. యుద్ధంలో మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ అడుగున పడి ఉంది. అది ఎలా మునిగిందో ఈనాటికీ రెండు దేశాలూ రెండు మాటలు చెబుతాయి. ఆ వాదం నాకు వద్దు. నా డైవర్లు దిగారు, అది నాకు తెలుసు.

సముద్రం పని సాగనివ్వలేదు. కెరటానికి నేను ఊగినప్పుడల్లా కిందివాడి తాడు గుంజుకుపోకుండా పుల్లలచెరువు కుర్రాడు తన ఒళ్లంతా వంచి సర్దుకునేవాడు. చివరికి డైవర్లు పై గోపురం తలుపు తెరవగలిగారు. ఒక మృతదేహం పైకి వచ్చింది. లోపల ఉన్నవాళ్లు తొంభై ముగ్గురు. ఒక్కరూ బతికి లేరు.

బతికించడానికి కట్టిన ఓడను నేను. నాకు పడిన మొదటి పెద్ద పని అది. శత్రువా, మనవాడా అని నా గంట అడగదు. ఆ తలుపు అవతల ఒక్కడు సుత్తితో టంగుమనిపించి ఉంటే, వాణ్ణి కూడా పైకి తెచ్చుకునేదాన్ని. ఆ సాయంత్రం కుర్రాడు అన్నం ముట్టలేదు. "బావిలో పోయినోణ్ణి తీసిన రోజు మా నాన్న కూడా తినేవాడు కాదు" అని మాత్రం అన్నాడు.

తర్వాతి ఏళ్లన్నీ కసరత్తులు. డైవర్లను దించడం, తేవడం. 1989లో నన్ను కొలువు నుంచి తప్పించారు.

2025 జులై 18న విశాఖలోనే నా పేరు మళ్లీ పిలిచారు. హిందుస్తాన్ షిప్‌యార్డ్ కట్టిన కొత్త నిస్తార్ పొడవు 118 మీటర్లు, బరువు దాదాపు 10,000 టన్నులు. మూడు వందల మీటర్ల లోతు దాకా దాని డైవర్లు పనిచేయగలరు. మన ఊళ్లోనే కట్టుకున్నారని వింటే నా ఇనుము పులకరించింది.

నా ఆ రోజుల్లో, పని ముగిసిన ప్రతి సాయంత్రం పుల్లలచెరువు కుర్రాడు ఆ తాడును మంచినీళ్లతో కడిగి, పొడుగునా వేళ్లతో తడుముతూ పోయేవాడు. ఎక్కడైనా ఒక్క పోగు లేచి కనిపిస్తే చాలు, పక్కన పెట్టేసేవాడు. రేపు దాని చివర వేలాడేది ఒక మనిషి.