గ్యాసు బండి గృహస్థాశ్రమం

దేశంలో సమస్యలకు కొదవ లేదు. నదీజలాల పంపకం తేలదు, ఉల్లిపాయల ధర ఒకచోట నిలవదు, మా వీధి చివర తవ్విన గొయ్యి పూడదు. వీటిని చర్చించడానికి చట్టసభలున్నాయి, టీవీ ఛానళ్లున్నాయి, రైల్లో ఎదుటి బెర్తు పెద్దమనిషి ఉన్నాడు. కానీ డిక్కీలో అరవై లీటర్ల ఉక్కు సిలిండరు మోసుకుంటూ, అది దయతలచి వదిలిన జానెడు జాగాలో బియ్యం బస్తాను నిలబెట్టాలా పడుకోబెట్టాలా అని తేల్చుకోలేక నడివీధిలో నిలబడ్డ సీఎన్జీ గృహస్థు గురించి ఇంతవరకూ ఒక్క వాయిదా తీర్మానం రాలేదు. పోనీ, ఒక అరగంట స్వల్పకాలిక చర్చయినా.

మీ బండికీ కిట్ ఉంటే ఈపాటికే తల ఊపుతుంటారు. లేకపోయినా, పెట్రోలు బంకులో అంకెలు గిర్రున తిరగడం చూసి జేబు తడుముకున్న రోజున మీకూ ఒక శ్రేయోభిలాషి తగిలే ఉంటాడు. "ఇంకా పెట్రోలేమిటి గురూగారూ! సీఎన్జీ పెట్టించండి, హాయిగా తిరగండి" అంటాడు. మైలేజీ చెబుతాడు, కాలుష్యం చెబుతాడు, ఢిల్లీ బస్సులన్నిటినీ సీఎన్జీకి మార్చమని 1998లో సుప్రీంకోర్టు ఆదేశించిన సంగతీ చెబుతాడు. సర్వోన్నత న్యాయస్థానమే చెప్పాక మనమెంత? పెట్టించాం. ఆయన మాత్రం ఇప్పటికీ డీజిలు బండే నడుపుతున్నాడు.

ఇక లోపలి యంత్రాంగం. వెనక సిలిండరులో గ్యాసు 200 బార్ల ఒత్తిడిలో కుక్కి ఉంటుంది. టైరులో గాలి రెండున్నర బార్లుంటేనే గట్టిగా ఉందని మనం తృప్తిపడతాం. దానికి ఇది ఎన్ని రెట్లో మీరే వేసుకోండి. ఆ గ్యాసు సన్నటి ఉక్కు గొట్టంలో బండి కడుపు కింద నుంచి ముందుకొచ్చి రెడ్యూసర్ అనే డబ్బాలో పడుతుంది. అక్కడ దాని పొగరు అణిగి రెండు బార్లకు అటూ ఇటూ దిగుతుంది. అక్కణ్ణించి ఫిల్టరు, ఫిల్టరు దాటాక వరసగా ఇంజెక్టర్లు, వాటిని ఎప్పుడు ఎంతసేపు తెరవాలో చెప్పే చిన్న కంప్యూటరు, అదే సమయంలో పెట్రోలు ఇంజెక్టర్ల నోరు నొక్కే ఏర్పాటు. పాత కార్బురేటర్ బళ్లకు ఇంత పరివారం లేదు. మిక్సర్ అని ఒకటి బిగిస్తే ఇంజిను తనకు కావలసినంత తనే పీల్చుకునేది. ఇప్పుడు ప్రతిదానికీ ఒక సెన్సరు, ప్రతి సెన్సరుకూ ఒక వైరు, ప్రతి వైరుకూ ఒక ఎలుక.

రెడ్యూసర్ దగ్గర కాసేపు ఆగుదాం, నా ప్రధాన అభియోగం దానిమీదే. అంత ఒత్తిడిలోంచి ఒక్కసారిగా బయటపడ్డ గ్యాసు వ్యాకోచించి చల్లబడుతుంది. ఆ చలికి రెడ్యూసర్ మంచుకట్టి బిగుసుకుపోకుండా, ఇంజిను చుట్టూ తిరిగే వేడినీళ్లను రెండు రబ్బరు పైపులతో దానిలోకి మళ్లిస్తారు. మే నెల, బెజవాడ, మిట్టమధ్యాహ్నం, బెంజి సర్కిల్. రోడ్డు మీది తారు చెప్పుకు అంటుకుంటున్న ఆ శుభముహూర్తంలో నా బానెట్ కింద ఒక శాల్తీ చలికి ఓర్వలేక వేడినీళ్ల స్నానం చేస్తోంది. నన్ను మాత్రం పికప్ కోసం ఏసీ కట్టెయ్యమంటారు.

ఈ రాజోపచారం వల్ల ఇంకో అనర్థం. నీళ్లు వేడెక్కేదాకా గ్యాసు కదలదు. అందుకని బండి పెట్రోలు మీద స్టార్టయి, రెడ్యూసర్‌కు తగినంత వెచ్చదనం తగిలాక, స్విచ్చు దగ్గర టిక్కుమని గ్యాసుకు మారుతుంది. రైతుబజారు మా ఇంటికి కూతవేటు. వెళ్లేటప్పుడు పెట్రోలు. బజారు ముందు చోటు వెతికి, ఆవును అదిలించి, బండి పెట్టి, తాళం తిప్పబోయే క్షణంలో టిక్కు. బెండకాయలు, గోంగూర, పక్కింటివారు తెమ్మన్న కరివేపాకు, మా ఆవిడకు ఎదురుపడ్డ చిన్ననాటి స్నేహితురాలు, ఇవన్నీ అయ్యేసరికి ఇంజిను చల్లారి మళ్లీ పెట్రోలు. ద్వైత సిద్ధాంతాన్ని ఇంత ఖర్చుపెట్టి ఆచరిస్తున్నవాడు ఈ కలియుగంలో సీఎన్జీ గృహస్థు ఒక్కడే. రెండు ట్యాంకులూ నింపేదీ అతనే.

బంకు దగ్గర జరిగేదాన్ని మహాభినిష్క్రమణం అనాలి. గ్యాసు పట్టేటప్పుడు బండిలో ఎవరూ కూర్చోకూడదు. నియమం మంచిదే, కాదనను. 200 బార్లతో చెలగాటాలు వద్దు. కాకపోతే ఆ నియమం రాసినవారు మా అత్తగారిని ఎరగరు. ఆవిడ మోకాళ్ల నొప్పులతో వెనక సీట్లో ఎలాగో సర్దుకుని, డిక్కీలో చోటు దొరకని ఆవకాయ జాడీని పాదాల మధ్య ఇరికించుకుని, అప్పుడే కునుకు తీస్తుంటారు. బంకు కుర్రాడు అద్దం మీద కొడతాడు.

"అందరూ దిగాలండీ."

"ఏమండీ, పాప నిద్రపోతోంది" అంటుంది మా ఆవిడ నాతో, ఆ చట్టం నేనే చేసినట్టు.

"ఎత్తుకుని దిగండి మేడమ్."

అత్తగారు దిగుతారు. జాడీ దిగుతుంది. పాప, పాప ఏడుపు, పాలసీసా, గొడుగు దిగుతాయి. ఎండలో వరసగా నిలబడతారు. "కారులో తీసుకెళ్తానని అల్లుడుగారు అంటే, బస్సెందుకులే అని బయల్దేరానమ్మా" అంటారు అత్తగారు. నాతో కాదు, పక్క ఆటో దిగి నిలబడ్డ పెద్దావిడతో. ఆ పెద్దావిడ నావైపు చూసిన చూపుకు భారతీయ న్యాయ సంహితలో ఏ సెక్షనూ చాలదు.

దిగడం సరే, ఆ దిగే యోగం పట్టడానికి ముందు క్యూ ఉంది. పైపులైను మీదున్న బంకయితే గ్యాసు దానంతటదే వస్తుంది. పైపు రాని చోటికి, పెద్ద స్టేషనులో లారీ మీది సిలిండర్లలో నింపి పంపిస్తారు. పంపేది మదర్ స్టేషన్, పుచ్చుకునేది డాటర్ స్టేషన్. మా బంకు కూతురు. పుట్టింటి సారె బయల్దేరాలి, ట్రాఫిక్ దాటాలి, గుమ్మం చేరాలి. అప్పటిదాకా ఆటోలు, క్యాబులు, స్కూలు వ్యాన్లు, మీరూ నేనూ రోడ్డు మీద. తీరా లారీ వచ్చాక, అందులోంచి తోడేకొద్దీ ఒత్తిడి పడిపోతుంది. ముందున్న వాళ్లందరికీ నిండుతుంది. మన వంతు రాగానే కుర్రాడు ముల్లు చూసి పెదవి విరుస్తాడు. "ప్రెషర్ లేదండీ, నూట ఇరవై దాకానే ఎక్కుద్ది."

ప్రెషర్ ఉన్నా, ఎండాకాలంలో నిండా దక్కదు. గబగబా ఎక్కించేటప్పుడు సిలిండరులో గ్యాసు వేడెక్కుతుంది, ఆ వేడికి ముల్లు తొందరపడి 200 తాకుతుంది, మిషను ఆగుతుంది. ఇంటికొచ్చి చల్లబడ్డాక ముల్లు సిగ్గుపడి వెనక్కి జారుతుంది. అమ్మేది కిలోల లెక్కన గనక ఇందులో మోసం లేదు, భౌతికశాస్త్రమే. భౌతికశాస్త్రం మీద వినియోగదారుల కమిషనుకు వెళ్లడానికి లేదు. "తెల్లారగట్ల మూడింటికి రండి బాబాయ్, క్యూ ఉండదు, చల్లగా నిండా పడుద్ది" అని ఒక ఆటో తమ్ముడు ఉపదేశించాడు. మా నాన్నగారు బ్రాహ్మీముహూర్తంలో లేచి గీతాపారాయణ చేసేవారు. నేను లేచి గ్యాసు పట్టిస్తున్నాను.

క్యూలో నిలబడ్డవాడికి ఆలోచనలు ఊరికే రావు, దేశం గురించే వస్తాయి. కృష్ణా గోదావరి బేసిన్ అంటారు. నదులు మనవి, తీరం మనది. ఆ సముద్రగర్భంలోని గ్యాసు 2009లో ఒడ్డెక్కింది మన కాకినాడ దగ్గరే. ఎక్కీ ఎక్కగానే సుమారు 1400 కిలోమీటర్ల పైపులైను పట్టుకుని, కర్ణాటక దాటి, మహారాష్ట్ర దాటి, గుజరాత్‌లోని భరూచ్ దాకా వెళ్లింది. జాతీయ సమైక్యతకు నేను వ్యతిరేకిని కాను. దారిలో మా బంకు కనబడలేదా అని మాత్రమే అడుగుతున్నాను.

శక్తి మాటకొస్తే, గ్యాసు ఆక్టేన్ సంఖ్య పెట్రోలుకన్నా చాలా ఎక్కువ, 120 దాకా పలుకుతుంది. మెకానిక్ ఈ మాట చెప్పినప్పుడు నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. రెండో వాక్యంతో తగ్గింది. ఆ గొప్ప అక్కరకు రావాలంటే ఇంజినులో కంప్రెషన్ దానికి తగ్గట్టు ఉండాలట. మనది పెట్రోలు కోసం కట్టిన ఇంజిను. పైగా గ్యాసు లోపలికి వెళ్తూ గాలికి దక్కాల్సిన చోటు ఆక్రమిస్తుంది. గాలి తగ్గితే మంట తగ్గుతుంది, మంట తగ్గితే బలం ఇంచుమించు పదోవంతు హరీమంటుంది. చదును రోడ్డు మీద ఇది బయటపడదు. అన్నవరం కొండ మీద బయటపడుతుంది. వ్రతానికని సకుటుంబంగా వెళ్లాం. మొదటి మలుపులో ఏసీ ఆపాను. రెండో మలుపులో సంభాషణ ఆపాను. మూడో మలుపులో బావమరిదిని దింపాను. చివరికి స్విచ్చు నొక్కి పెట్రోలుకు మారితేగాని బండి రత్నగిరి ఎక్కలేదు. సత్యనారాయణస్వామి కూడా పెట్రోలు పక్షమే.

దిగాక పంక్చరు. దీని గురించి ఎక్కువ చెప్పలేను, గొంతు పూడుకుంటుంది. స్టెప్నీ డిక్కీ అడుగున ఉంటుంది. దానిపైన ఇనప స్టాండు, స్టాండు మీద ఖాళీగానే యాభై అరవై కిలోలు తూగే సిలిండరు, సిలిండరు చుట్టూ పట్టీలు, పట్టీలకు బోల్టులు, బోల్టులకు తుప్పు. "స్టెప్నీ ఎక్కడికీ పోలేదు సార్, కిందే భద్రంగా ఉంది" అని కిట్ బిగించిన రోజునే హామీ ఇచ్చారు. ఆ హామీ అక్షరాలా నిలబెట్టుకున్నారు. ఎక్కడికీ పోదు.

ఈ మధ్య కంపెనీలకు జ్ఞానోదయం అయినట్టుంది. 2023లో టాటా వారు ఆల్ట్రోజ్ కారుకు ఒక పెద్ద సిలిండరు బదులు రెండు చిన్నవి అడుగున పరిచి, పైన సామాన్లకు చోటు మిగిల్చారు. 2024లో సీటు కింద రెండు కిలోల గ్యాసు పట్టే సిలిండరు దాచుకున్న మోటారుసైకిలు కూడా వచ్చింది, బజాజ్ వారిది. అంటే మనిషి తలచుకుంటే అన్నీ సాధ్యమే. మనం కిట్ పెట్టించిన తర్వాత.

చరిత్ర తిరగేస్తే గ్యాసు, పెట్రోలుకు అన్నగారు. 1876లో నికోలస్ ఒట్టో నాలుగు స్ట్రోకుల ఇంజినును నడిపించింది బొగ్గు నుంచి తీసిన గ్యాసుతోనే. రెండో ప్రపంచయుద్ధం నాటి పెట్రోలు రేషను రోజుల్లో మన బస్సులకు బొగ్గు పొయ్యి తగిలించి, క్లీనరు చేత ఫ్యాను తిప్పించి, పుట్టిన గ్యాసును ఇంజినుకు పట్టేవారు. ఎత్తు తగిలితే జనం దిగి తోసేవారని ముసలివాళ్లు చెప్పగా విన్నాం. అప్పుడు తొయ్యడానికి దిగేవారు, ఇప్పుడు నింపడానికి దిగుతున్నాం. ఎనభై ఏళ్ల పురోగతి ఇది. ప్రయాణికుడు మాత్రం రోడ్డు మీదే.

ఇవిగాక చిల్లర వ్యవహారాలు. గ్యాసు అంటుకోవడానికి బలమైన నిప్పురవ్వ కావాలి గనక ప్లగ్గులు, కాయిలు మీద నిఘా. ఇంజిను మిస్సింగ్ వస్తే లాప్‌టాప్ తగిలించి "ట్యూనింగ్ పోయింది సార్" అనే తీర్పు. ఎక్కడి నుంచి పోయిందో, ఎక్కడికి పోయిందో చెప్పరు. కాస్త వాసనొస్తే జాయింట్లన్నిటికీ సబ్బు నురగ రాసి, బుడగలు వస్తాయా అని ఇంటిల్లిపాదీ వంగి చూడటం. ఆ సమయానికే పై ఫ్లాటాయన దిగి, "వంటింటి సిలిండరేనాండీ పెట్టింది?" అంటాడు. కాదు మహానుభావా, వంటింటిది ఎల్పీజీ, గాలికన్నా బరువు, కారితే నేలబారున పేరుకుంటుంది. ఇది మీథేన్, గాలికన్నా తేలిక, పైకి పోతుంది అని సవిస్తరంగా విన్నవించాను. ఆయన ఉండేది పైనే.

ఇంత వేదనలోనూ నిజం దాచకూడదు. లెక్క వేస్తే డబ్బు మిగులుతోంది. మా ఆవిడ నెలనెలా ఆ లెక్క చదివి వినిపిస్తుంది, అందుకే ఈ వ్యాసం బంకులో నిలబడి రాయాల్సి వచ్చింది. అయినా కిట్ పెట్టినవారు, గ్యాసు అమ్మేవారు, చట్టాలు చేసేవారు ఎవరైనా ఇది చదువుతుంటే, వారికి నా కోర్కెలు స్వల్పం: క్యూ పక్కన ఒక నీడ, నీడలో ఒక బల్ల, బల్ల మీద మా అత్తగారు.

మీరు మాత్రం ఒకసారి లేచి వెళ్లి, బండిలో గ్యాసు పట్టే వాల్వు దగ్గరున్న ప్లేటు మీద తారీఖు చూసుకోండి. సిలిండరు విప్పి, నీళ్లు నింపి, ఒత్తిడి పెట్టి పరీక్షించే హైడ్రో టెస్టు మూడేళ్లకోసారి చేయించాలి. గడువు దాటితే ఎంతసేపు క్యూలో నిలబడ్డా, ఎంతమందిని దింపినా, బంకువాడు పైపు తగిలించడు.