గుప్పెడు బిళ్ళల వాక్యమునకు టీకాతాత్పర్యములు

వివాహభోజనపు బంతిలో పెరుగు వడ్డించు వేళను, ఉదయపు నడకకు వచ్చిన పెద్దలు పార్కు బల్లలపై చేరగిలబడు వేళను, పదవీవిరమణ సభలో శాలువా కప్పుటకును మైకు చేతికిచ్చుటకును నడుమ దొరకు స్వల్పావకాశమునందును, తెలుగునాట ఒక వాక్యము తనంత తానుగా ఆవిర్భవించుచుండును. కర్త యెవ్వరో తెలియనందున దీనిని అపౌరుషేయమని చెప్పవచ్చును గాని, ఏబదియేండ్లు పైబడిన పురుషుల నోటనే ఇది తరచుగా వినబడుచుండుటచేత ఆ వాదము నిలువదు. వినిన ప్రతివారును తల యూపుటయే గాని అర్థము విచారించినవారు లేకపోవుట సాహిత్యమునకు లోటని తలచి ఈ వ్యాఖ్యకు పూనుకొంటిని.

మూలము: “ఆ రోజులే వేరండీ! అయిదు పైసలిస్తే గుప్పెడు బిళ్ళలొచ్చేవి. ఇప్పుడన్నీ కెమికల్సే. ఈ కాలం పిల్లలకేం తెలుసు ఆ రుచి!”

మెదకు సీమ కొలిచెలమవాడైన మల్లినాథసూరి కాళిదాసునకు వ్యాఖ్య వ్రాయబూనుచు, ఆధారము లేనిది వ్రాయననియు, అక్కరలేనిది పలుకననియు ప్రతిన చేసెను. మొదటి ప్రతినను నేనును పాటింతును. రెండవదానిని పాటించినచో ఈ వ్యాసమును ఇచటనే ముగింపవలసి వచ్చును. ‘వేరు’, ‘అండీ’, ‘వచ్చేవి’ అను పదములు సుగమములు, వానిని విడిచితిని.

‘ఆ రోజులు’ – ఏ రోజులు? 1940 ప్రాంతమున పుట్టినవాడు ఈ మాట పలికినచో కమ్మరకట్టును, జీళ్ళను గ్రహింపవలెను. మరి యిరువదియేండ్లకు పుట్టినవానికి నిమ్మతొనలు, పిప్పరమెంట్లు, చిత్తూరు న్యూట్రిన్ వారి ‘ఆశ’. (ఆశను త్యజింపుమని ఋషులు చెప్పిరి; చిత్తూరువారు దానిని కాగితమున చుట్టి విక్రయించిరి.) అటుపిమ్మటివానికి పరుగులును వికెట్లును అచ్చువేసిన కాగితములతో వచ్చిన బిగ్ ఫన్ బబుల్ గమ్ము, వాని తమ్మునికి బూమర్, అందులోని బొమ్మకాగితమును ఉమ్మితో తడిపి ముంజేతిపై అద్దుకొను వైభవము. అందరును ‘ఆ రోజులు’ అనియే యందురు. దీనినిబట్టి స్వర్ణయుగము రాజును బట్టి గాక వక్త పాలపండ్లు ఊడిన కాలమును బట్టి నిర్ణయింపబడుచున్నదని తేలుచున్నది. చరిత్రకారులు గుప్తులకొఱకు వృథాగా శ్రమించిరి.

‘అయిదు పైసలు’ – ‘అర్ధణా’ యని, ‘పది పైసలు’ అని, ‘పావలా’ యని పాఠాంతరములు గలవు. ఈ పదము కొఱకే గదా నేనింత ప్రయాసకు దిగితిని! పైస యనగా ఏ పైస? 1957 ఏప్రిల్ 1వ తేదీకి పూర్వము రూపాయకు పదునారణాలు, అణాకు నాలుగు పైసలు, పైసకు మూడు దమ్మిడీలు. అనగా రూపాయకు 64 పైసలు, 192 దమ్మిడీలు. ఆ పైసకే కాణీ యని పేరు. యుద్ధకాలమున లోహమునకు కరవు వచ్చి 1943లో నడుమ చిల్లుపెట్టిన కాణీని ముద్రించిరి. దానిని మొలత్రాటికి గ్రుచ్చి పిల్లవానికి కట్టిన తల్లులు గలరు. నైజాం రాజ్యమున హాలీ సిక్కా వేరు, ఆంగ్లేయుల కల్దారు వేరు. ఏడు హాలీ రూపాయలు సుమారు ఆరు కల్దార్లకు సమానము. అందుచేత మూలవాక్యమును వరంగల్లున పలికిన తాతగారి పైసయు, బెజవాడలో పలికిన తాతగారి పైసయు ఒక్కటి కావు.

1957లో నయా పైస వచ్చినది. రూపాయకు నూరు. అంత అణాకు ఆరుంబావు పైసలు కావలెను. పావు పైస నాణెము లేదు. కావున ఒక అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, నాలుగణాలకు 25 అని పట్టిక వేసిరి. నాలుగణాలు ఒక్కసారిగా మార్చుకొన్నవానికి పావలా నిండుగా దక్కును. అణాకు అణాగా మార్చుకొన్నవానికి 24 పైసలే దక్కును. ఆ తప్పిపోయిన పైస యెచటికి పోయినది? కౌటిల్యుడు బ్రతికియున్నచో ఈ ప్రశ్నకొక అధికరణమును కేటాయించెడివాడు. చిల్లరకు బదులుగా బిళ్ళ చేతిలో పెట్టు నేటి అంగడివాని సంప్రదాయమునకు ఆనాడే అంకురార్పణ జరిగినదని నా ఊహ. 1964లో ‘నయా’ అను విశేషణము రాలిపోయినది. అదేయేట ఆరుమూలల మూడు పైసలు వచ్చినవి. అయిదు పైసలు నలుచదరము; పది పైసలకు అంచంతయు అలలు. 1968లో పసుపుపచ్చని యిరువది పైసలు కమలముతో అవతరింపగా ఇల్లాండ్రు వానిని లక్ష్మీపూజలకు దాచిరి. కన్నులు మూసికొని వ్రేలికొసతో తడిమి జేబులోని సొమ్మెంతయో చెప్పగల నాణెములవి. నేటి రూపాయయు రెండు రూపాయలును వెలుతురులోనే యొకటిగా తోచుచున్నవి. ఈ యొక్క విషయమున మాత్రము మూలకర్తతో నాకును ఏకీభావము గలదు. అయ్యో, వానిని ఖండింపవలసినవాడను, వానితో గొంతు కలుపుచున్నాను. ప్రకృతమునకు వత్తము.

‘బిళ్ళలు’ – ఉపలక్షణము. తొనలు, గోళీలు, పుల్లకు గ్రుచ్చినవి, పొట్లమున కట్టినవి, తుదకు మింగకూడని బబుల్ గమ్ము కూడ ఇందు చేరును. మింగినచో ప్రేగులకు అతుకుకొనునని ప్రతి తల్లియు బెదరించెను; అది యథాతథముగా బయటకు పోవునని వైద్యులందురు. దీని జన్మవృత్తాంతము మన పెరటిలోనే కలదు. సపోటా కాయను కోసినపుడు తొడిమ యొద్ద తెల్లని పాలు బొట్లుగా ఊరి, వ్రేళ్ళకంటుకొని జిగురుగా సాగును. ఆ చెట్టు పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతము. అచటివారు మ్రానుపై వంకరటింకరగా గాట్లు పెట్టి, కారిన పాలను కాచి, ‘చికిల్’ అను జిగురు తీయుదురు. రాజ్యభ్రష్టుడై అమెరికా చేరిన మెక్సికో సేనాని శాంతా అన్నా ఆ జిగురును థామస్ ఆడమ్స్ అనువానికి చూపగా, ఆతడు దానితో రబ్బరు చేయబోయి భంగపడి, నమలుటకు తప్ప మరి దేనికిని పనికిరాదని గ్రహించి ధనవంతుడయ్యెను. 1928లో ఫిలడెల్ఫియా నగరమున ఫ్లీర్ కంపెనీలో పద్దులు వ్రాయు వాల్టర్ డీమర్, పద్దులు మాని పాకములు కలుపుచుండగా, ఊదినచో బుడగ యగు ముద్ద సిద్ధించినది. చేతికందిన రంగు గులాబి యొక్కటే యగుటచేత అది గులాబిరంగుదాయెను. నేటికిని ఎక్కువగా ఆ రంగే. పేటెంటు లేదు, రాజభాగము లేదు. గుమాస్తా గులాబిరంగు వేయగా లోకమంతయు బుడగలూదినది.

ఇంత దూరము పాఠకుని త్రిప్పి తెచ్చుటకు కారణము లేకపోలేదు. రెండవ ప్రపంచయుద్ధానంతరము సపోటా పాలకు బదులుగా కర్మాగారమున చేసిన జిగురులు వాడుకలోనికి వచ్చినవి. వానిలో పాలివినైల్ ఎసిటేట్ ఒకటి. వడ్రంగి చెక్కలతికించు తెల్లని బంకయు ఆ గోత్రమువాడే. అనగా, ‘ఇప్పుడన్నీ కెమికల్సే’ యని నిట్టూర్చు పెద్దమనిషి తన పదవయేట బడిగోడపై కూర్చుండి అరపూట నమిలి, నోరు నొచ్చి, బల్లక్రింద అంటించి వచ్చినది అదియే. ఆతని దవడకు తెలిసిన సత్యము ఆతని నాలుకకు తెలియదు. పీచుమిఠాయిలో రోడమిన్-బి అను అద్దకపు రంగు దొరకినదని 2024లో తమిళనాడు దాని అమ్మకమును నిషేధించినపుడు ఈయనయే పత్రిక చేతబట్టుకొని తల యూపియుండును. ఆహారకల్తీ నిషేధచట్టము మనకు 1954లోనే వచ్చినది. చట్టము చేయవలసివచ్చెననిన, కల్తీ యప్పుడే కలదనియే గదా!

‘గుప్పెడు’ – మానము. పిడికిలి యెవరిది? ఎనిమిదేండ్ల బాలునిది. అందు నాలుగు బిళ్ళలు పట్టిన నిండినట్లే. నేడు అరువదియేండ్ల పిడికిలితో ఆ కొలతను తలచుకొని అంగడి సగము కొల్లగొట్టినట్లు చెప్పుట శబ్దదోషము కాదు, హస్తదోషము.

‘ఇస్తే’ – చేదర్థకము. వాక్యమంతయు దీనిపై నిలిచియున్నది, దీనినే ఎవ్వరును చూడరు. ఇచ్చినచో వచ్చును, సరియే. ఈయలేనివాని మాట? అయిదు పైసలు వానపడినట్లు అందరి జేబులలో పడలేదు. కొట్టుముందు పదుగురు పిల్లలు నిలిచినచో నాణెమున్నవాడొక్కడు. వాడు దయాళువైనచో, బిళ్ళపై చొక్కా అంచు కప్పి, గుడ్డమీదనే పంటితో కటుక్కున కొరికి, ముక్కను స్నేహితునకిచ్చును. దానికి కాకెంగిలి యని పేరు. ఎంగిలియే గాని దోషము లేదు. ధర్మశాస్త్రములందు ఇట్టి నిర్ణయము నాకెచటను కనబడలేదు. పిల్లలు తమంతట తాము చేసికొన్న స్మృతి యది. దానిని తలచి మురిసిపోవువారు మరి యొకటి కూడ తలచుకొనవలెను. ఆ కాకెంగిలి అందరికిని అందలేదు. ఒక పిల్లవాని అరచేత బిళ్ళను పెట్టిన అంగడివాని చేయియే, వాని ప్రక్కనున్న పిల్లవాడు మాలపల్లెనుండియో మాదిగవాడనుండియో వచ్చినవాడని తెలిసినచో, దోసిలి పట్టించి జానెడెత్తునుండి జారవిడిచెడిది. వాడును అయిదు పైసలే యిచ్చెను. వానికిని అన్ని బిళ్ళలే వచ్చెను. ‘ఆ రోజులే వేరు’ అని వాడు పలికినచో అర్థము వేరు. వాడు పెండ్లిబంతిలో ఈ మాట పలుకగా నేను వినలేదు.

‘రుచి’ – చక్కెర. ఇంతకు మించి వ్రాయుటకు లేదు.

అలంకారము అతిశయోక్తి. రసము కరుణమని వక్తల అభిప్రాయము. హాస్యమని శ్రోతలైన మనుమల అభిప్రాయము.

తాత్పర్యము: ‘నేను చిన్నవాడనైయుంటిని, ఎవరో నాకు కొనిపెట్టిరి’ యని యింతే. ఇది చెప్పినచో ఎవ్వరికిని అభ్యంతరముండదు. కాని యీ మాటను ధరలపట్టికగా మార్చి, ఆనాటి బిళ్ళ వెల చెప్పి, ఆనాటి తండ్రి జీతము చెప్పక, ఎదుటనున్న పసివాని చేతిలోని చాక్లెట్టును వెక్కిరించుటయే నాకు సహింపరానిది. పైగా ఈ నిట్టూర్పునకును ఇపుడు బజారు పుట్టినది: నిమ్మతొనలు, జీళ్ళు, గోళీలు రంగుపెట్టెలో సర్ది, పైన ‘మన బాల్యం’ అని బంగారువన్నెతో అచ్చువేసి వందల రూపాయలకు అమ్ముచున్నారు, వీరు మారుమాటాడక కొనుచున్నారు. అదే మనిషి జాతరలో జీళ్ళవాని ముందు నిలిచి ‘ఇంత ధరా?’ యని గద్దించును. ఆ జీళ్ళవాడు బెల్లపుపాకమును నూనె రాచిన బండపై పోసి, వేడి తగ్గకమునుపే ముద్దచేసి, గోడమేకునకు తగిలించి లాగి, మడిచి, మరల లాగి, నల్లని పాకము తేనెరంగునకు తిరుగువరకు లాగి, నువ్వులద్ది ముక్కలు కోయును. వాని అరచేతులు కాయకట్టి, అచటచట కాలి మెరయుచుండును. మూలవాక్యమునందు వాని ప్రస్తావన లేదు.

కావున ఆ రోజులను నిజముగా ప్రేమించు పెద్దలకు వ్యాఖ్యాత విన్నపము: ఈమారు జాతరకు పోయినపుడు అడిగిన ధరయిచ్చి జీళ్ళు కొనుడు, మనుమనికి పెట్టుడు, వాక్యము మాత్రము పలుకకుడు.