ఉసిరి నీడలో సోలారు

కార్తీక వనభోజనాలకి మెనూ ఐదు నిమిషాల్లో కుదిరింది. పనసపొట్టు కూర, పులిహోర, గోంగూర పచ్చడి. తోట దగ్గరా పేచీ లేదు. పెనుగొండ నుంచి సిద్ధాంతం వెళ్ళి, వశిష్ఠ గోదారి దాటితే లంకలో ఉసిరి చెట్టు ఉంది. లేనిదల్లా కరెంటు స్తంభం. అక్కడ మా ఇల్లు రెండు పార్టీలుగా చీలింది.

మా పెదబావగారిది డీజిల్ పార్టీ. ఆయనకి రొయ్యల చెరువులున్నాయి. అర్ధరాత్రి కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లారేసరికి పంట తేలిపోతుంది. అందుకని దేవుడి తర్వాత ఆయన దణ్ణం పెట్టేది జనరేటర్‌కే. చినబావగారు మొన్నీమధ్య సూర్యఘర్ పథకంలో మేడ మీద 3 కిలోవాట్ల పలకలు వేయించి, 78,000 రూపాయల సబ్సిడీ పుచ్చుకుని సూర్యభక్తుడైపోయారు.

"కరెంటు పోతే మీ సోలారూ పోతుందటగా బావా?" అన్నారు పెదబావగారు, పనిగట్టుకుని.

పోతుంది మరి. బ్యాటరీ లేని సోలారు, లైన్లో కరెంటు లేనప్పుడు దానంతటదే ఆగిపోవాలి. లేకపోతే స్తంభమెక్కిన లైన్‌మన్‌కి షాకు కొడుతుంది. చినబావగారు ఈ సంగతి చెప్పి ఊరుకోకుండా, "లంకకి వేరే పలకలు, 150 ఏహెచ్ బ్యాటరీ తెస్తా" అని పంతం పట్టారు. అందులో 1,800 వాట్ అవర్లు, సగమే వాడుకోవాలి. పచ్చడి రుబ్బడానికి 750 వాట్ల మిక్సీ పది నిమిషాలు తిరిగినా అయ్యేది 125. కాకపోతే మోటారు తిరగడం మొదలెట్టేటప్పుడు ఆ 750కి రెండు మూడు రెట్లు లాగుతుంది, ఇన్వర్టర్ దానికి తట్టుకోవాలి.

"పచ్చడి ఇంట్లోనే రుబ్బుకొస్తాగా," అంది అక్కయ్య. ఆ మాట ఇద్దరికీ నచ్చలేదు. చిక్కు విడిపోతే ఇక వాదించుకోడానికేముంది?

అసలు తంటా ఉసిరి చెట్టుతో వచ్చింది. భోజనం దాని నీడలోనే చెయ్యాలి, పలకకేమో ఎండ కావాలి. ఒక మూల కొమ్మనీడ పడినా పలక మొత్తం నీరసపడిపోతుంది. పలకల్ని ఇసుకలో పెడదామంటే అంత పొడుగు వైరు లేదు. పోనీ జనరేటరంటే, అది తిరగాల్సింది కార్తీక పురాణం మైకు కోసం. ఆ మైకేమో జనరేటర్ మోతలో పురాణం వినపడ్డానికి.

టెక్సాస్‌లో ఉన్న మేనల్లుడు ఆర్వీ అనే ఇల్లులాంటి బండి అద్దెకి తీసుకుని అడవుల్లో తిరుగుతుంటాడు. వాడికి ఫోన్ చేశాం. అక్కడి జాతీయ పార్కుల్లో 50 అడుగుల దూరాన 60 డెసిబెల్స్ దాటి మోత వినపడకూడదట. "పగలు సోలారు, మబ్బు పడితే కాసేపు జనరేటరేసి బ్యాటరీ ఎక్కించుకోండి మావయ్యా," అన్నాడు. ఇద్దరు బావగార్లూ తామే నెగ్గామనుకున్నారు.

కార్తీక ఆదివారం పొద్దున్న రేవులో జనరేటరు పడవెక్కింది. యాభై కిలోల పైచిలుకు బ్యాటరీ ఎక్కింది. పలకలెక్కాయి, మైకు సెట్టెక్కింది. పడవవాడు అంతా చూసి, గెడ పక్కన పెట్టి అడిగాడు.

"ఆయ్, మరి తమరంతా ఎందులో వస్తారండీ?"